ఆ సోమవారం రాత్రిని ఒకాయన రికార్డు చేశాడు

మా నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పాలకొల్లు చుట్టుపక్కల నలభై ఏళ్ళపాటు పెళ్ళి ఊరేగింపులు, దేవుడి కల్యాణాలు, అప్పుడప్పుడు పండు ముసలివాళ్ళ శవయాత్రలు. ఒంటిమీద ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, కాళ్ళకి మాత్రం హవాయి చెప్పులు. నెత్తిన పెట్రోమాక్స్ దీపాలు మోసేవాళ్ళ మధ్య నడుస్తూ ఏదో సినిమా పాట ఎత్తుకునేవాడు. పల్లవి అందరికీ తెలిసిందే. కానీ వీధి మలుపులో పెళ్ళికొడుకు కారు ఇరుక్కుని ఊరేగింపు ఆగిందనుకోండి, అప్పుడు పాటని అక్కడే వదిలేసి తన దారిన తను పోయేవాడు. పక్కనున్న ట్రంపెట్ ఆయన ఒక్కసారి నాన్న మొహంలోకి చూసి, సంగతి గ్రహించి వెనకే వెళ్ళేవాడు. సైడ్ డ్రమ్ము కుర్రాడు దరువు మార్చేవాడు. కారు కదిలే వేళకి ముగ్గురూ మళ్ళీ పల్లవి దగ్గర కలుసుకునేవాళ్ళు.

అలాంటి ఐదు నిమిషాలు ఎన్నో విన్నాను. ఒక్కటీ నా దగ్గర లేదు. నేను మైకు సెట్ల వ్యాపారంలోకి వచ్చి ముప్ఫై అయిదేళ్ళు. కార్తీకమాసంలో క్షీరారామం దగ్గర ప్రవచనాలు, ఎన్నికల మీటింగులు, పెళ్ళిళ్ళలో పెద్దమనుషుల ఉపన్యాసాలు గంటలకొద్దీ రికార్డు చేశాను. నాన్న క్లారినెట్ ముందు ఒక్కరోజూ మైకు పెట్టలేదు. రోజూ వినేదేగా అనుకున్నాను.

జాజ్ గురించి రాయడానికి మైకు సెట్టు వాడికేం పని అని అడిగేవాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే.

మా ఊరు మాండొలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు. మనవాడు ఎవరో ఇంగ్లీషాయనతో కలిసి వాయించాడంటే, ఊరి అభిమానం కొద్దీ పాతికేళ్ళ కిందట ఒక క్యాసెట్టు కొన్నాను. రిమెంబర్ శక్తి బృందం. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకిర్ హుస్సేన్ తబలా, మనవాడి మాండొలిన్. మెక్‌లాఫ్లిన్ ఎవరని వెతుక్కుంటూ జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గరికి, అక్కణ్నించి కోల్ట్రేన్ దగ్గరికి పోయాను. పోయిన చోటల్లా నాన్న వీధి మలుపే కనబడింది. దీన్నే మనోధర్మం అంటే కచేరీలు వినేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. బ్యాండు మేళం వాళ్ళు దానికి పేరేమీ పెట్టుకోలేదు.

మన సినిమాల పుణ్యమా అని శాక్సఫోన్ మోగిందంటే క్లబ్బు డాన్సో, విలన్ డెన్నో గుర్తొస్తుంది. ఈమధ్య పెద్ద ఊళ్ళ కాఫీ షాపుల్లో జాజ్ పెడుతున్నారు, మన మాటలకి అడ్డం రాకుండా సన్నగా. నా దృష్టిలో రెండోదే ఎక్కువ అవమానం. క్లబ్బు డాన్సులో కనీసం అందరికీ వినబడేలా మోగించారు.

ఇక అసలు సంగతి. ఈ రెండు మూడేళ్ళలో వచ్చినవాటిలో నేను మళ్ళీ మళ్ళీ వింటున్న జాజ్ ఆల్బమ్‌లు దాదాపు అన్నీ చిన్న కంపెనీలవి.  ఎందుకలా అని ఆలోచిస్తే ఒకటే తోచింది. జాజ్ రికార్డంటే ఫలానా రోజు, ఫలానా గదిలో, ఫలానా నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించినది. ఆ రోజు మళ్ళీ రాదు. దాన్ని పట్టుకుని దాచాలంటే, లాభం సంగతి తర్వాత చూసుకుందాం అనే మనిషి ఒకడు అక్కడ ఉండాలి.

లాస్ ఏంజెలెస్‌లో హైలాండ్ పార్క్ అనే పేటలో ఈటీఏ అని ఒక చిన్న బార్ ఉండేది. జెఫ్ పార్కర్ అనే గిటారిస్టు 2016 నుంచి అక్కడ సోమవారం రాత్రులు వాయించేవాడు. పక్కన ఆల్టో శాక్సఫోన్ మీద జోష్ జాన్సన్, బేస్ మీద ఆనా బటర్స్, డ్రమ్స్ మీద జే బెలరోజ్. ఏళ్ళ తరబడి అవే సోమవారాలు, అదే నలుగురు. 2023 చివర్లో ఆ బార్ మూతపడింది. అదే ఏడాది జనవరి 2, సోమవారం రాత్రి వాళ్ళు వాయించినది బ్రైస్ గొంజాలెస్ అనే సౌండ్ ఇంజనీరు రికార్డు చేసి పెట్టాడు. ఇంటర్నేషనల్ ఆంథమ్ అనే షికాగో కంపెనీ దాన్ని 2024 నవంబరులో 'ద వే ఔట్ ఆఫ్ ఈజీ' పేరుతో విడుదల చేసింది. రెండు ఎల్పీలు, నాలుగు పక్కలు, పక్కకో ముక్క.

మొదటి ముక్క 'ఫ్రీకడెలిక్' ఇరవై నిమిషాలు దాటుతుంది. మొదటి ఐదు నిమిషాల్లో ఏమీ జరగడం లేదేమిటి అనిపిస్తుంది. బేస్ ఒకే మాటని పట్టుకుని తిప్పుతూ ఉంటుంది. శాక్సఫోన్ ఒక ముక్క అంటుంది, ఆగుతుంది. గిటారు బదులు చెప్పదు, కాసేపాగి వేరే ఏదో అంటుంది. మైకు సెట్టు వాడిగా నాకు ముందు పట్టుబడింది ఏమిటంటే, నలుగురిలో ఎవరూ ముందుకి తోసుకురారు. మా దగ్గర స్టేజీ ఎక్కిన ప్రతివాడూ 'నా మైకు పెంచవయ్యా' అని సైగ చేస్తాడు. పక్కవాడిది పెంచమన్న గాయకుణ్ని ముప్ఫై అయిదేళ్ళలో ఇద్దరినో ముగ్గురినో చూశాను. ఈ రికార్డులో నలుగురూ ఆ బాపతే. పన్నెండో నిమిషానికి వచ్చేసరికి మీరు కాలు ఆడిస్తుంటారు. ఎప్పుడు మొదలుపెట్టారో మీకే తెలియదు.

ఇలా ఒక రాత్రిని పట్టుకుని సొంతంగా దాచినవాళ్ళు ముందూ ఉన్నారు. బేస్ వాయించే చార్లెస్ మింగస్, డ్రమ్స్ మాక్స్ రోచ్ కలిసి 1952లో డెబ్యూ అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. మరుసటేడు మే నెలలో టొరంటో మాస్సీ హాల్లో వీళ్ళిద్దరూ, చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ, బడ్ పావెల్ కలిసి ఒక్క రాత్రి వాయించారు. అదే రాత్రి రాకీ మార్సియానో బాక్సింగ్ పోటీ ఉంది, హాలు నిండలేదు. చార్లీ పార్కర్ చేతిలో ఉన్నది ప్లాస్టిక్ శాక్సఫోన్. ఆయనకి వేరే కంపెనీతో ఒప్పందం ఉంది కాబట్టి రికార్డు మీద పేరు 'చార్లీ చాన్' అని వేశారు. మింగస్ టేపు తీసుకుని విన్నాడు కదా, తన బేస్ తనకే సరిగా వినబడలేదు! స్టూడియోకి వెళ్ళి బేస్ మళ్ళీ వాయించి దానిమీద ఎక్కించాడు. ఆ కథ చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రపంచంలో అంత గొప్ప కచేరీలో కూడా సౌండు వాడు బేస్ పట్టుకోలేకపోయాడన్నమాట.

మార్షల్ అలెన్ సంగతి వేరే. ఈయన 1924 మే 25న పుట్టాడు. 1958 నుంచి సన్ రా అనే మహానుభావుడి బృందంలో ఆల్టో శాక్సఫోన్ వాయించాడు. సన్ రా పోయాక, 1995 నుంచి ఆ బృందాన్ని తనే నడిపాడు. సన్ రా వాళ్ళు 1950లలోనే సాటర్న్ అని సొంత లేబుల్ పెట్టుకుని, అట్టల మీద బొమ్మలు చేత్తో వేసుకుని, కచేరీల దగ్గర అమ్ముకున్నారు. అన్ని దశాబ్దాలు ఇంకొకరి పేరు మీద నడిచే బృందంలో వాయించిన మనిషి, తన పేరు మీద మొదటి సోలో ఆల్బమ్ ఎప్పుడు వేశాడనుకుంటున్నారు? నూరేళ్ళు నిండాక. నూరో పుట్టినరోజు అయిన రెండు రోజులకి ఫిలడెల్ఫియాలో రికార్డింగు మొదలైంది. జర్మనీలోని వీక్-ఎండ్ రికార్డ్స్ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసింది. పేరు 'న్యూ డాన్'. కొత్త వేకువ.

మా నాన్న డెబ్భై రెండో ఏట క్లారినెట్ పక్కన పెట్టేశాడు. ఊపిరి ఉంది, వేళ్ళు ఆడుతున్నాయి, పళ్ళు లేవు. క్లారినెట్ మూతిభాగం మీద పైపళ్ళు ఆనించి, కింది పెదవి మడిచి రీడుకి పరుపులా వెయ్యాలి. కట్టుడు పళ్ళు పెట్టించాం. రీడు అదరగానే అవీ అదిరేవి. రెండుసార్లు ప్రయత్నించి, తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. అందుకని నూరేళ్ళ మనిషి పెదవి శాక్సఫోన్‌ని ఎలా పట్టుకుందో వినాలని ఆ ఆల్బమ్ పెట్టుకున్నాను. అక్కడక్కడా స్వరం వణికింది. ఆ వణుకుని దాచుకోలేదు, దానిమీదే వాలి పాడాడు. ఉన్నట్టుండి మధ్యలో శాక్సఫోన్‌తో ఒక అరుపు అరుస్తాడు, అది మాత్రం వణకదు. టైటిల్ పాట నెనే చెర్రీ పాడింది. తీగల వాద్యాలు కాస్త ఎక్కువ పరిచారు, పంచదార పాకం ఒక తీగ ఎక్కువైంది. నాకైతే ఆ అరుపులే ఇంకో నాలుగు కావాల్సింది.

ప్యాట్రీషియా బ్రెనన్ ఆల్బమ్ 'బ్రేకింగ్ స్ట్రెచ్' నాకు ఒక పెళ్ళి పందిట్లో పరిచయమైంది. అంటే అక్కడెవరూ వాయించలేదు. రాత్రి రిసెప్షన్‌కి మధ్యాహ్నం బాక్సులు పరీక్ష చేస్తూ, కొత్తగా దింపుకున్న ఈ ఆల్బమ్ పెట్టాను. బ్రెనన్ మెక్సికోలో వెరాక్రూజ్ అమ్మాయి, వాయించేది వైబ్రఫోన్. లోహపు పలకల మీద కర్రలతో కొట్టే వాద్యం, జలతరంగానికి ఇనుప చెల్లెలు అనుకోండి. దాని ధ్వనిని ఎలక్ట్రానిక్ పెడళ్ళలోంచి పంపి వంకర్లు తిప్పుతుంది. బృందంలో ఏడుగురు. ఒక ట్రంపెట్, రెండు శాక్సఫోన్లు, బేస్, డ్రమ్స్ మీద మార్కస్ గిల్మోర్, కాంగాల మీద మౌరీసియో హెర్రెరా. పెద్ద బాక్సుల్లో మూడు నిమిషాలు మోగిందో లేదో, వంటమేస్త్రి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటి బాబాయ్, మైకు సెట్టు పాడైందా, లేకపోతే ఎవరన్నా పోయారా?"

తగ్గించాను. మా షాపు కుర్రాడు మాత్రం వైర్లు చుట్టడం ఆపేసి బాక్సు ముందు గొంతుక్కూచున్నాడు. వాడు డప్పులు కొట్టే ఇంట్లో పుట్టినవాడు. కాసేపు వేళ్ళతో మోకాలి మీద కొట్టుకుని, "దరువు ఒకటి కాదు బాబాయ్, మూడున్నాయి. ఎవడిది వాడు కొడుతున్నాడు గానీ పడాల్సిన చోట అందరూ పడుతున్నారు" అన్నాడు. ఈ ఆల్బమ్ మీద అమెరికా విమర్శకులు చాలా రాశారు. ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. దీన్ని వేసింది పైరోక్లాస్టిక్ అనే సంస్థ. క్రిస్ డేవిస్ అనే పియానిస్టు 2016లో పెట్టింది. లాభాపేక్ష లేని సంస్థగా నడుపుతోంది.

అమృతా కిదాంబి 'న్యూ మాన్యుమెంట్స్' గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. దక్షిణాది మూలాలున్న న్యూయార్క్ గాయని, హార్మోనియం వాయిస్తూ పాడుతుంది. ఆమె బృందం పేరు ఎల్డర్ వన్స్. హెల్సింకీలోని వీ జాజ్ కంపెనీ 2024లో వేసింది. హార్మోనియం అనగానే మనకి పద్య నాటకం గుర్తొస్తుంది. రాత్రంతా హరిశ్చంద్ర, చింతామణి ఆడే రోజుల్లో హార్మోనిస్టు దగ్గర మైకు పెట్టడం పెద్ద విద్య. దగ్గరగా పెడితే బెల్లోస్ ఉస్సు ఉస్సుమంటూ ఊపిరి వినబడుతుంది, దూరం పెడితే పద్యం చివర రాగం తీసేటప్పుడు శ్రుతి అందదు. కిదాంబి రికార్డులో హార్మోనియం శ్రుతి ఇచ్చి ఊరుకోదు, ఎదురు తిరుగుతుంది. శాక్సఫోన్ కీచుమంటుంది, గొంతు మాటల్ని వదిలేసి అరుపులోకి పోతుంది. అందులో 'ఫార్మర్స్ సాంగ్' ఒకటుంది. 2020–21లో ఢిల్లీ పొలిమేరల్లో రైతులు ఏడాదిపాటు కూర్చున్నారే, వాళ్ళ గురించి. మన రైతు పోరాటం మీద జాజ్ ఆల్బమ్‌లో ఒక పాట ఉందని మన పత్రికల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు. సాయంత్రం కాఫీతో వినేది కాదు ఇది. మా ఆవిడ రెండు నిమిషాలు విని తలుపు వేసుకుంది. నేను ఒంటరిగా రెండుసార్లు విన్నాను, మూడోసారికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. అయినా కొన్నందుకు చింత లేదు.

గనవ్య 'డాటర్ ఆఫ్ ఎ టెంపుల్' దీనికి సరిగ్గా ఎదురు. తమిళనాట పెరిగిన గాయని. ముప్ఫై మందికి పైగా సంగీతకారుల్ని హ్యూస్టన్‌లో ఒకచోట కూర్చోబెట్టి రికార్డు చేసింది. బెర్లిన్ కంపెనీ లైటర్ 2024లో వేసింది. గొంతు అద్భుతం. కాకపోతే సగంసేపు ఎవరింట్లోనో భజనకి వెళ్ళి ద్వారం దగ్గర కూర్చున్నట్టుంటుంది. కొందరికి అదే కావాలి.

న్యూయార్క్‌లోని 'పై రికార్డింగ్స్' కంపెనీ వాళ్ళని మాత్రం తలుచుకోకుండా ఉండలేను. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని, దానిమీద కర్ణాటక సంగీతం పలికించాలని పట్టుబట్టిన కద్రి గోపాల్‌నాథ్‌ని, అమెరికాలో పెరిగిన శాక్సఫోన్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్పని కలిపి 2008లో 'కిన్స్‌మెన్' వేసింది వీళ్ళే. కద్రి వాద్యం కూడా ఒక బ్యాండు నుంచే వచ్చింది, గమనించండి. అదే కంపెనీ 2024లో డ్రమ్మర్ టైషాన్ సోరీ ముగ్గురి బృందంతో 'ద ససెప్టిబుల్ నౌ' వేసింది. నాలుగు ముక్కలు, దాదాపు ఎనభై నిమిషాలు, ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి ఆగకుండా. బేస్ హరీశ్ రాఘవన్. కరెంటు పోయిన రాత్రి బ్యాటరీ మీద విన్నాను. అలాగే వినాలి దాన్ని.

ఇప్పుడు డబ్బుల మాట. మొదటిసారి ఇలాంటి ఆల్బమ్ కొనబోతే నా కార్డు పనిచెయ్యలేదు. బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి యాప్ తెరిచి, విదేశీ చెల్లింపుల మీట ఆపేసి ఉందని చూపించింది. "ఏం కొంటారండి?" అంది. పాటలు అన్నాను. "పాటలు ఫ్రీగానే వస్తాయి కదండీ!" అని నవ్వింది. ఆమె తప్పేం లేదు, ఊరంతా అదే మాట.

ఫ్రీ అనుకునేదాని లెక్క ఇలా ఉంటుంది. ఏడాదిలో వెయ్యిసార్లు మోగని పాటకి స్పాటిఫై 2024 నుంచి పైసా ఇవ్వడం లేదు. అంతకంటే చిత్రం ఇంకోటి. అక్కడ ముప్ఫై సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు. రెండు నిమిషాల సినిమా పాట ఒకసారి మోగినా, ఇరవై నిమిషాల 'ఫ్రీకడెలిక్' ఒకసారి మోగినా పద్దులో ఒకటే గీత. వీధి మలుపులో నాన్న వాయించిన ఐదు నిమిషాలకి పెళ్ళివారు విడిగా ఇచ్చిందేమీ లేదు. బ్యాండు వాళ్ళకి భోజనం కూడా ఆఖరి బంతిలోనే, సాంబారు పలచబడ్డాక. ఈ కొత్త లెక్క చూస్తే నాకు ఆ ఆఖరి బంతి గుర్తొచ్చింది.

బ్యాండ్‌క్యాంప్ అనే చోట సంగీతకారులూ, చిన్న కంపెనీలూ తమ ఆల్బమ్‌ల ధర తామే పెట్టుకుని అమ్ముకుంటారు. డిజిటల్ ఆల్బమ్ మీద ఆ సంస్థ తీసుకునేది నూటికి 15. 2020 మార్చిలో కరోనా కాలంలో కొన్ని శుక్రవారాలు ఆ వాటా కూడా వదులుకోవడం మొదలుపెట్టింది, ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ శుక్రవారాలు వస్తుంటాయి. అదేమీ ధర్మసత్రం కాదు. 2022లో ఒక ఆటల కంపెనీ కొంది, రెండేళ్ళు తిరక్కుండా ఇంకొకరికి అమ్మేసింది, ఆ అమ్మకంలో దాదాపు సగం మంది ఉద్యోగాలు పోయాయి. రేపు ఏమవుతుందో చెప్పలేం. అయినా ఈరోజుకి ఆల్బమ్‌కి మనం పెట్టే ఎనిమిది వందల రూపాయల్లో ఎక్కువ భాగం వాయించినవాడి వైపు చేరే దారి నాకు తెలిసి అదే. కొనేముందు వినడానికి చాలామంది అక్కడే పెడతారు. దింపుకున్న ఆల్బమ్ మన దగ్గరే ఉంటుంది, నెల చందా కట్టకపోతే మాయమైపోదు.

నేను నెలకి ఒకటి కొంటాను, ఆదివారం మాంసం ఖర్చు ఒక వారం మానేసినట్టు. మీరూ మూడు నెలలకి ఒకటి కొని చూడండి. 'ద వే ఔట్ ఆఫ్ ఈజీ'తో మొదలుపెట్టండి, దీపాలార్పి, నాలుగు పక్కలూ వరసగా వినండి. ఫోను స్పీకర్లో మాత్రం పెట్టకండి, బేస్ వినబడదు.